మూడు ముక్కల నవల

పుస్తకాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు నొచ్చుకుంటారేమో గానీ, మా స్నేహితురాళ్లం ముగ్గురం ఏ నవల దొరికినా ముందు దాన్ని మూడు ముక్కలు చేస్తాం. సూర్యాపేటలో మా బడి దారిలో ఒక జిరాక్సు, బైండింగు దుకాణం ఉంది. మొదటిసారి నవల తీసుకుపోయి కోయమంటే దుకాణాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అందరు కుట్టమని తెస్తరు. మీరేంది మేడం, కొయ్యమంటున్నరు?" అన్నాడు. ఆయనకు నేను టీచర్నని తెలుసు. ఆ రోజు నుంచి కొంచెం అనుమానంగానే నమస్తే పెడతాడు.

ముగ్గురం డిగ్రీలో ఒకే హాస్టలు గదిలో ఉన్నవాళ్లం. ఇప్పుడు ఒకతె మిర్యాలగూడలో రైసుమిల్లు వాళ్ల కోడలు, ఇంకొకతె కోదాడలో బ్యాంకు ఉద్యోగి. పేర్లెందుకు, మిర్యాలగూడామె, కోదాడామె అందాం. మొదట్లో ఒక్క పుస్తకాన్నే ఒకరి తర్వాత ఒకరం చదివి పంపుకునేవాళ్లం. మూడో మనిషి చదివేసరికి మొదటి మనిషి కథ మరిచిపోయేది. ఆదివారం ఫోన్లో ఒకరు చెప్పడం, ఇద్దరు ఊకొట్టడం. మాకు నచ్చే పాత నవలలు ఒక్క కాపీ దొరకడమే గగనం, మూడెక్కడి నుంచి తేవాలి? పోనీ ఫోన్లోనే చదువుదామంటే, హాజరు దగ్గర్నుంచి మధ్యాహ్న భోజనం దాకా అన్నీ ఫోన్లోనే ఎక్కించే నాకు ఇంటికొచ్చాక దాని మొహం చూడబుద్ధి కాదు. అందుకే ఈ కోత. తలా ఒక ముక్క ఒకేసారి చదువుతాం, తర్వాత ఆర్టీసీ పార్శిల్లో మార్చుకుంటాం.

అంటే ఒకరు నడుమ నుంచి, ఒకరు చివరి నుంచి కథలోకి దిగాలి. చివరి ముక్క ఎప్పుడూ కోదాడామెదే. అడిగి మరీ తీసుకునేది. "ఏమవుద్దో ముందే తెలిస్తే నిమ్మళంగా చదువుకోవచ్చే" అనేది. హాస్టల్లో ఉన్నప్పుడు సినిమాకు పోయినా, ముందే చూసొచ్చినవాళ్లను పట్టుకుని ముగింపు కనుక్కునే బయల్దేరేది. ఆమెతో సినిమా చూడటం అంత దండగ ఇంకోటి లేదు.

మొట్టమొదటి కోత నవలకే అభాసుపాలయ్యాం. ఆదివారం ఫోన్లో కోదాడామె నిట్టూర్చి, "పెద్దాయన పోయాక ఇల్లెంత బోసిపోయిందో కదే" అంది. నా ముక్కలో ఆ పెద్దాయన ఇంకా రెండో పెళ్లికి చొక్కాలు కుట్టించుకుంటున్నాడు. మిర్యాలగూడామె లబోదిబోమంది. "పోయిండా? నా దాంట్ల నిన్ననే మనుమణ్ణి ఎత్తుకొని తిరిగిండు గదనే!" అప్పుడు పెట్టుకున్నాం నియమం. మూడు ముక్కలూ ముగ్గురి దగ్గరికీ తిరిగేదాకా ఎవరూ కథ ఎత్తకూడదు.

మొన్న వానాకాలంలో కోదాడామె ఫోన్ చేసి, "ఈసారి మొదటి ముక్క నాకు పంపు" అంది.

"ఏందే, పొద్దు పడమట పొడిచిందా?" అన్నాను. ఆమె నవ్వలేదు. రొమ్ములో గడ్డ తగిలిందట. హైదరాబాదులో శాంపిల్ తీసి పరీక్షకు పంపారట, రిపోర్టు రావాలి.

"ఇప్పుడు ముగింపులు చదవబుద్ధి కావట్లేదే" అంది.

"ఏం కాదులే" అన్నాను. అందరూ అనే మాటే. ఇన్నేళ్లు ఇన్ని పుస్తకాలు చదివి చివరికి నోటికొచ్చింది అదా అని నా మీద నాకే చిరాకేసింది.

మొదటి ముక్క ఆమెకు, నడిమి ముక్క మిర్యాలగూడకు పంపి, చివరిది నేను ఉంచుకున్నాను. కుట్టుమిషను మీద పిల్లల్ని పెంచిన ఒక ఆడమనిషి కథ అది. చివర్లో ఆమెకు జబ్బు చేస్తుంది, పోతుంది. రచయిత ఊరికే చంపలేదు. తీరిగ్గా, మందుల వాసనతో సహా చంపాడు. చదివి ఆయన్ను నోరారా తిట్టుకున్నాను.

నియమం తప్పి మిర్యాలగూడామెకు కథంతా చెప్పేశాను.

"గా ముక్క దానికి పంపకు. బస్సుల యాడ్నో పోయిందని చెప్పు" అంది.

"అబద్ధమెందుకే?"

"మరి పంపుతవా? నీకు పాణమొప్పుతదా?"

ఒప్పలేదు. మిల్లులో ఒక్క బస్తా అటూ ఇటూ అయితే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, నవలలో మూడో వంతు మాయం చేయడానికి క్షణం కూడా ఆలోచించలేదు. నేనూ సరేనన్నాను.

కోదాడకు ఫోన్ చేసి, మిర్యాలగూడకు వేసిన చివరి ముక్క పార్శిల్ దారిలో పోయిందని చెప్పాను.

"ఇన్నేళ్లలో మన పార్శిళ్లు ఎన్ని పోయినయ్యే?" అంది.

"ఒక్కటి గూడ పోలే" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. రోజూ పిల్లల అబద్ధాలు పట్టుకోవడమే నా ఉద్యోగం. నా అబద్ధం మాత్రం రెండు మాటల సేపు కూడా నిలవలేదు.

"అయితే ఆ మిషను ఆమె చచ్చిపోయిందన్నమాట."

చివరి ముక్క నా ముందు బల్ల మీదే ఉంది. దాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

"పంపు, చదువుతా" అంది.

"రిపోర్టు రానీయే, అప్పుడు పంపుత."

"నిన్ననే వచ్చింది. క్యాన్సరే."

నాకు భయమేసింది. ఆమె లేకుండా మేమిద్దరం ఏ పుస్తకం గురించైనా ఏం మాట్లాడుకుంటామని, ఆ క్షణంలో అంత స్వార్థంగా భయమేసింది. మర్నాడు పొద్దున బస్టాండుకు పోయి ఆ ముక్క కోదాడ బస్సులో వేయించాను.

ఆపరేషన్ అయింది. కూర్చోగలిగిన మొదటి ఆదివారం ఆమే ఫోన్ కలిపింది. గొంతు నీరసంగా ఉంది. ఎలా ఉన్నావని మేం అడిగేలోపే నవల ఎత్తింది. హైదరాబాదు పోయే కార్లోనే చివరి ముక్క చదివేసిందట.

"ఆమె పోవడం బాగానే రాశాడు గానీ, ఆ డాక్టరు అంతా అబద్ధం. రోగి పక్కన కూర్చొని అంతసేపు మాట్లాడే డాక్టరు ఎక్కడుంటాడే? నాకు ఒక్కడూ తగల్లేదు."

నేను పెద్దగా నవ్వాను. మిర్యాలగూడామె ఫోన్ మ్యూట్ చేసుకుంది. ఏడుస్తోందని మా ఇద్దరికీ తెలుసు. మందులు, రేడియేషన్ కరెంటు పెట్టడాలు ఇంకా చాలా ఉన్నాయని కోదాడామె చెప్పింది. జుట్టు పోతుందట. తగ్గుతుందని డాక్టర్లు గట్టిగా చెప్పలేదట, తగ్గదనీ అనలేదట.

"ఇంకో నవల చూడు. లావుది" అంది.

"ఎంత లావుది?"

"మీ ఇద్దరికీ చదవలేక విసుగు పుట్టాల. మొదటి ముక్క నాకు పంపు. చివరిది నీ దగ్గరే ఉంచు. నాకేం తొందర లేదు."