బ్రేకుల మాస్టారి కుడికాలు

మా ఆయన కారు నడపడం నేర్పుతారు. అందరూ ఆయన్ని బ్రేకుల మాస్టారంటారు. నేర్పే కారులో ఆయన కూర్చునే పక్క సీటు ముందూ ఒక బ్రేకు ఉంటుంది మరి.

ఇండికేటరు వెయ్యకుండా తిరిగేవాడు, ఫోను చెవికి అంటించుకుని నడిపేవాడు, దారికడ్డంగా బండి వదిలేసి పోయేవాడు కనబడితే చాలు, అద్దాలు బిగించిన కారులోనే ఉపన్యాసం మొదలు. "ఇండికేటరు అలంకారానికి పెట్టారనుకున్నావా నాయనా?" అంటారు. వాడికెలాగూ వినబడదు. వినే ఖర్మ నాది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఎవరి తప్పు వాళ్ళు ఒప్పుకుంటే రోడ్డు మీద సగం గొడవలుండవు."

నేను పరదాలు కుడతాను. వాటిని ఇళ్ళకు చేర్చాలంటే ఈ మహానుభావుడి తీరిక కోసం పడిగాపులు కాయాలి. విసుగెత్తి నాకూ నేర్పమన్నాను. నేర్పారు. భేషుగ్గా నడిపాను. తీరా లైసెన్సు పరీక్షలో, ఆగమన్న గీత దాటాక ఆగాను. ఫెయిలు. రెండోసారీ అదే గీత, అదే కథ.

ఇంటికొచ్చి ఉక్రోషంతో గుడ్డ కత్తిరిస్తుంటే అప్పుడు వెలిగింది. నేర్చుకున్నన్నాళ్ళూ నా కాలు బ్రేకు దగ్గరికి వెళ్ళేలోపే ఆయన కాలు తొక్కేసేది. బండి ఆపింది నేను కానే కాదు.

"రేపట్నుంచి మీరు వెనక సీట్లో కూర్చోండి."

"వెనక బ్రేకుండదు కదే."

"అందుకే."

వెనక కూర్చుని ఆయన నా సీటును తన్నని రోజు లేదు. నడుం నొప్పి నాకు మిగిలింది. బండి మాత్రం నా మాట వినడం మొదలుపెట్టింది.

మూడో పరీక్ష. ఇదీ పోతే ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. కారు మా నేర్పే కారే. పక్కన అధికారి, మొహంలో నవ్వన్నది లేదు. మా ఆయన స్కూటరు మీద వచ్చి, కంగారులో దాన్నెక్కడో నిలిపేసి, ఆఫీసు ప్రహరీ పక్కన టీ బడ్డీ దగ్గర నిలబడ్డారు.

మలుపు తిరిగానో లేదో, దారికడ్డంగా స్కూటరు. తొక్కాను. దానికి బెత్తెడు దూరంలో కారు ఆగింది. సరిగ్గా అప్పుడే బడ్డీ దగ్గర మా ఆయన కూడా నేలను బలంగా తొక్కారు. గ్లాసులో టీ అంతా చొక్కా పాలు.

అధికారి తన ముందున్న రెండో బ్రేకు వంక చూశారు. దాని మీద ఆయన కాలు లేదు. "మీరే ఆపారు," అన్నారు. ఆ రెండు మాటలకి నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత అద్దం దించి, "ఈ స్కూటరెవరిది?" అని కేకేశారు. మా ఆయనే టీ కారుతున్న చొక్కాతో వచ్చి తలొంచుకున్నారు.

"నాదేనండి. తప్పు నాదే."

"మీరు బ్రేకుల మాస్టారు కదూ?"

"అవునండి."

అధికారి అంత నవ్వు అప్పటిదాకా ఎక్కడ దాచుకున్నారో గాని, కళ్ళు తుడుచుకుని మరీ అన్నారు: "ఆవిడ పాసయ్యారు. మీరు ముందు బండి తియ్యండి."

స్కూటరును బడ్డీ అతనికి అప్పగించి మా ఆయన కారెక్కారు. నడిపేది నేనే. సంతోషంతో నాకు నేల మీద కాలు నిలవడం లేదు. ఇంతలో ఒక మోటారుసైకిలు ఇండికేటరు లేకుండా అడ్డొచ్చింది. మెల్లగా ఆపి, పోనిచ్చాను. ఉపన్యాసం రాలేదు. ఏమయిందా అని పక్కకి చూశాను. మనిషి బెల్టు పెట్టుకుని, చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఇదేం కూర్చోవడమండీ?"

"కాలు కిందుంటే ఊరుకోదు. నువ్వు నడుపు."