వాకిట్లో వెదురు కట్టె

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం పొద్దున్నే పోయాడు. మసీదుకు బయలుదేరి, చెప్పులేసుకుందామని గడప మీద కూర్చున్నవాడు అట్లాగే పక్కకు ఒరిగాడు. కొత్తగూడెం దవాఖానాకు చేర్చేలోపే అయిపోయింది. ఆయన ఐదు పూటలా దేవుణ్ణి అడిగింది ఒక్కటే: "నాకంటె ముందు నా మున్నాను తీస్కపో." పిల్లల కోసం అడగలేదు, ఆరోగ్యం కోసం అడగలేదు. ఆ ఒక్క కోరికా తీరలేదు.

మున్నా అంటే గుర్రం. జూలూరుపాడులో పత్తిచేల మధ్య గుర్రమేమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. నేను పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను, అందుకని చాచా నన్ను మాస్టర్ అనేవాడు. పదకొండేళ్ళ కింద ఆయన లారీలోంచి ఆ తెల్లగుర్రాన్ని దించుతుంటే, "ఏంది చాచా, నౌకరీ అయిపోయినంక అందరు పెట్టె బేడ తెచ్చుకుంటరు, నువ్వు గుర్రాన్ని తెచ్చినవేంది?" అన్నాను. చాచా నవ్వలేదు. "గుర్రం అనకు మాస్టర్. చాంపియన్ వీడు" అన్నాడు. మేమందరం "అది" అనేవాళ్ళం. ఆయనొక్కడే "వాడు" అనేవాడు.

చాచా హైదరాబాదులో ఒక గుర్రపు స్వారీ బడిలో సాయీసు. గుర్రాలకు దాణా, మాలీషు, మందూ మాకూ ఆయన పని. మున్నా అక్కడికి పందేల మైదానం నుంచి వచ్చింది. పరుగులో వెనకబడుతోందని అక్కడివాళ్ళు వదిలించుకున్నారు. ఇక్కడా మూలన కట్టేశారు. ఒకరోజు కంచె అవతల పచ్చిగడ్డి కనబడి, ఇంత ఎత్తు కంచెను అమాంతం దూకింది. కాలు కూడా తగల్లేదట. కోచ్ అటుగా వస్తూ చూశాడు. అంతే, దాని రాత మారిపోయింది.

"గుర్రాలు కట్టెలు దూకుడు గూడ ఒక ఆటేనా?" అని నేను ఎద్దేవా చేస్తే చాచాకు కోపం వచ్చేది. "ఒకదాని ఎన్క ఒకటి కట్టెలు పెడ్తరు. దూకాలె, ఒక్క కట్టె కింద పడొద్దు. ఏది పడకుంటె క్లియర్ రౌండ్ అంటరు. జెర కాలు తగిలినా పాయింట్లు పోతయ్. నువ్ వాయిస్తె సుతి తప్పొద్దు, గట్లనే" అనేవాడు. ఢిల్లీ, మీరట్, కోల్‌కతా అన్నీ తిరిగింది మున్నా. రెండుసార్లు దేశంలో ఫస్టు వచ్చింది. చాచా దానితో పాటే లారీలో గడ్డి మీద పడుకుని వెళ్ళేవాడు. ఆయన గోడ మీద ఒక ఫోటో ఉంది. మెడలో పతకంతో మున్నా, పైన స్వారీ చేసిన ఆఫీసరు, చేతిలో కప్పు. పక్కన కళ్ళెం పట్టుకున్న చెయ్యి మాత్రం పడింది. "గది నేనే" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

తర్వాత ముందరి ఎడమకాలి నరం వాచింది. కొత్త గుర్రాలు వచ్చాయి. చాచా రిటైరయ్యేనాటికి మున్నాను ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఈయన అడిగితే ఊరికే ఇచ్చేశారు. "ఫస్టొచ్చినోన్ని వట్టిగ ఇచ్చిండ్రు మాస్టర్. ఇంత బేరమన్న ఆడలే" అని చాలా రోజులు బాధపడ్డాడు.

ఇక్కడ దానికి పెళ్ళి ఊరేగింపుల పని దొరికింది. పుట్టినప్పుడు బూడిద రంగట, వయసుతో తెల్లబడింది. పెళ్ళివాళ్ళకు తెల్లగుర్రమే కావాలి కదా! ముందు మా బ్యాండు, వెనక మున్నా. రోజూ సాయంత్రం మేపుకొచ్చాక చాచా వాకిట్లో ఒక వెదురు కట్టె అడ్డం పెట్టేవాడు. మున్నా దాన్ని తగలకుండా దాటాలి. దాటితే "క్లియర్!" అని అరిచి, కుడిపక్క నుంచి బెల్లం ముక్క నోట్లో పెట్టేవాడు. "ముసలిదానికి ఈ పరీక్షలేంది చాచా?" అంటే, "పరీక్ష గాదు, ఇజ్జత్" అన్నాడు.

ఏన్కూరు పెళ్ళి నేను మరిచిపోలేను. పందిరి ముందు పెళ్ళికూతురి చెల్లెళ్ళు ఎర్ర రిబ్బన్ అడ్డం పట్టారు. కట్నం చదివిస్తేగానీ బావను లోపలికి రానివ్వరు. మామూలుగా పెళ్ళికొడుకు గుర్రం దిగాకే ఆ సరదా. ఆ పిల్లలు తొందరపడి రోడ్డు మీదికే వచ్చేశారు. మున్నా రిబ్బన్ను చూసింది. చెవులు నిక్కబొడుచుకుంది. "రిబ్బన్ దించుండ్రి, దించుండ్రి!" అని చాచా అరుస్తున్నాడట, మా బ్యాండు హోరులో ఎవరికి వినబడుతుంది! సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు మరదళ్ళతో బేరమాడటానికి ముందుకు వంగాడు. స్వారీ చేసేవాడు ముందుకు వంగడమంటే మున్నాకు దూకమని చెప్పడమే.

దూకింది. అబ్బ, ఏం దూకిందండీ! మా డప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పాగా ఒకచోట, గుర్రం మెడను కరుచుకుని పెళ్ళికొడుకు ఒకచోట. మనిషికి ఏమీ కాలేదు. రిబ్బన్ కదలలేదు. చాచా చేతులు రెండూ పైకెత్తి "క్లియర్ రౌండ్!" అని పరుగెత్తాడు. దగ్గరికి వెళ్ళి కిందికి వంగి చూశాడు. మున్నా ఎడమకాలు నేల మీద ఆనించడం లేదు.

ఆ తర్వాత ఏ పెళ్ళివాళ్ళూ పిలవలేదు. ఇక నయం కాదు, సూది వేసి పంపించేద్దామన్నాడు డాక్టరు. చాచా ఒప్పుకోలేదు. పొద్దున కాపడం, సాయంత్రం ఆముదంతో మాలీషు. కుంటుకుంటూనే ఆ కట్టె దాటేది. "నేను ముందు పోతె వీన్ని ఇటుకల బండి గుంజనీకి బట్టీకి తోల్తరు మాస్టర్. గదొక్కటి కావద్దు" అనేవాడు. "నువ్వెక్కడ పోతవ్ చాచా" అనేవాణ్ణి నేను. ఇంకేమనాలి?

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, ఖమ్మం నుంచి వచ్చిన ఆయన కూతురు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "కిరాయి ఇంట్ల మూడో అంతస్తుల ఉంటమన్నా. యాడ కట్టెయ్యాలె దాన్ని?" అంది. ఆ పిల్ల తప్పేముంది? నాకు మాత్రం జాగా ఏది, మేత ఏది? ఊళ్ళో అందరినీ అడిగాను. ఎవరూ ముందుకు రాలేదు. భద్రాచలం దిక్కు నుంచి ఇటుక బట్టీ మనిషి ట్రాలీ తెచ్చాడు.

వాకిట్లో వెదురు కట్టె గురువారం సాయంత్రం చాచా పెట్టినచోటే ఉంది. తియ్యాలని ఎవరికీ తోచలేదు. అతను తాడు పట్టి నడిపిస్తుంటే, కట్టె దగ్గరికి రాగానే మున్నా ఆగింది. చెవులు ముందుకు పెట్టింది. మంచికాలు ఎత్తింది, తర్వాత ఆ కుంటికాలు, అవసరం లేనంత ఎత్తుకు ఎత్తి, తగలకుండా అవతల పెట్టింది. దాటాక మెడ కుడిపక్కకు తిప్పి నోరు తెరిచింది.

"ఏమాయె, ఆగిందేంది?" అన్నాడు బట్టీ మనిషి.

"క్లియర్" అందామనుకున్నాను. అతను తాడు లాగేదాకా అది కుడిపక్కకే నోరు తెరుచుకుని నిలబడింది.