పొగ పడవ ఆగిన రేవు

దెయ్యం కథ మొదలుపెట్టినవాళ్లను ఏడిపించి మధ్యలోనే నోరు మూయించేది మా ఇంట్లో నేనే. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

ముత్తుకూరు దగ్గర ఉద్యోగం చేస్తూ, ఒకప్పుడు మద్రాసు నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద జనాన్ని తెచ్చిన పొగ పడవల గురించి వివరాలు పోగుచేస్తున్నాను. ఆవిరితో నడిచే ఆ పడవలు మా ఊరి రేవులో ఆగేవని చెప్పేది మా పెద్దమ్మ సువార్తమ్మ ఒక్కతే. మిగతా ముసలివాళ్లు ఉప్పు పడవలు తప్ప ఇంకేవీ రాలేదన్నారు. నేనూ సగమే నమ్మాను.

రేవులో ఎవరైనా కర్రకు గుడ్డ కట్టి ఎత్తితేనే పొగ పడవ ఆగేదట. మద్రాసు మిల్లులో పనిచేసే మా తాత వచ్చే రోజు ఆ పని పెద్దమ్మది. అప్పుడామె చిన్నపిల్ల, మా అమ్మ చంకబిడ్డ. ఒకసారి పెద్దమ్మకు జ్వరం వచ్చి రేవుకు పోలేకపోయింది. ఆ తర్వాత తాత జాడ ఎవరికీ తెలియలేదు.

"ఆ పొద్దు నేను గుడ్డ ఎత్తలా. అందుకే నాయన దిగలా," అంటుంది ఇప్పటికీ. తర్వాతి రేవులో దిగి నడిచి రావచ్చు కదా అని ఎంత చెప్పినా తలకెక్కదు. ఎనభై దాటినా ఆ బరువు మోస్తూనే ఉంది.

పోయిన వేసవిలో ఒక్కసారి రేవుకు తీసుకుపొమ్మంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ కారు అటు తిప్పాను. పట్టపగలు. అక్కడ కాలువ సగం పూడిపోయి, ఒడ్డు నుంచి ఒడ్డుకు నాచు పరుచుకుని ఉంది. గాలి లేదు. పెద్దమ్మ తన ఊతకర్రకు నా తువ్వాలు కట్టి పైకెత్తింది. నవ్వొస్తుంటే ఆపుకున్నాను.

కాసేపటికి దక్షిణాన నాచు మధ్యకు చీలింది. ఆ చీలిక మా వైపే వస్తోంది, రెండు ఒడ్లకూ అలలు తగులుతున్నాయి. పడవ మాత్రం లేదు. ఆ చీలిక సరిగ్గా మా ఎదురుగా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఉత్తరాన నాచు చెక్కు చెదరలేదు. బొగ్గు వాసన కూడా వచ్చింది కానీ, చుట్టుపక్కల థర్మల్ ప్లాంట్లున్నాయి కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

సముద్రం పోటు అయ్యుంటుందని తర్వాత తెలిసినవాళ్లు అన్నారు. పోటు గుడ్డను చూసి ఆగుతుందా?

పెద్దమ్మ కర్ర దించింది. "దా నాయనా," అంది మెల్లగా. కారెక్కి వెనక సీట్లో ఒక పక్కకు జరిగి కూర్చుంది.

నేను వెళ్లి రెండో వైపు తలుపు తెరిచి పట్టుకున్నాను. కాసేపు ఆగి మూశాను. నీళ్ల సంగతి అటుంచండి, ఆ తలుపు ఎందుకు తెరిచానో కూడా ఇప్పటికీ చెప్పలేను.