అక్కయ్య పెట్టుకున్న సెలవు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, నేను ఆఫీసులో మీటింగులో ఉండగా బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్కయ్య వెళ్ళిపోయింది. పాపని స్కూలు నుంచి నువ్వు తీసుకురాగలవా?" అన్నారు. జర్మనీలో మేముండే ఆకెన్‌లో ఆ రోజూ వానే. బస్సులో కూర్చుని ఏడుస్తుంటే ఎదుటి సీటులో పెద్దావిడ ఏమీ అడక్కుండా టిష్యూల ప్యాకెట్టు నా ఒళ్ళో పెట్టి దిగిపోయింది.

అక్కయ్య అంటే నా తోడికోడలు, మావారి అన్నగారి భార్య; పాప వాళ్ళ కూతురు. ఇద్దరం ఈ ఊళ్ళోనే కాస్త దూరంలో ఉండేవాళ్ళం. ఆవిడ పోయిన మర్నాటి నుంచి చుట్టాలందరూ వాట్సాప్ గ్రూపులో ఒకటే రాతలు. అణకువ గల పిల్ల, ఎవరి మాటకీ ఎదురు చెప్పి ఎరగదు అని. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఎదురు చెప్పని మనిషి ఆ గ్రూపులో ఒక్కరు కూడా లేరు. మా అక్కయ్య మొండిది. జూలైలో తీసుకోవాల్సిన ఉర్లౌబ్‌ని, అదే ఆఫీసు సెలవుని, జనవరిలోనే మంజూరు చేయించుకుని, ఆసుపత్రి మంచం మీంచే విమానం టికెట్లు తీసిన మనిషి. ఆ టికెట్ల సంగతే మీకు చెప్పాలి.

ఇక్కడున్న మనవాళ్ళ సెలవు ఎలా గడుస్తుందో మీకూ తెలిసే ఉంటుంది. ఏడాదంతా కూడబెట్టుకున్న సెలవులు పట్టుకుని ఇండియాలో దిగుతాం. దిగిన మర్నాటి నుంచి డ్యూటీ. అత్తవారింట కొన్నాళ్ళు, పుట్టింట కొన్నాళ్ళు, మిగిలిన నాలుగు రోజుల్లో పిన్నిగారింట్లో టిఫిను, బాబాయిగారింట్లో భోజనం, ఇంకొకరింట్లో కనీసం కాఫీ. ఒకరింటికి వెళ్ళి పక్కవారింటికి వెళ్ళకపోతే మళ్ళీ వచ్చేదాకా దెప్పుతూనే ఉంటారు. మధ్యలో పళ్ళ డాక్టరు, బ్యాంకు పని, టైలరు. తిరిగొచ్చాక అక్కయ్య ప్రతిసారీ జ్వరంతో పడుకునేది. "సెలవుకెళ్ళొచ్చి సిక్ లీవ్ పెట్టేది మనమేనే," అనేది.

నేను పెళ్ళై కొత్తగా ఇక్కడికి వచ్చినప్పుడు, వంట నేర్పమని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. "వంట ఎక్కడికీ పోదు. ముందు బస్సులు నేర్చుకో," అని కోటు తొడిగించి బయటికి తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నమంతా ఏ బస్సు ఎక్కడికి పోతుందో చూపించి, చివరికి నన్ను ఒంటరిగా ఒక బస్సెక్కించి తను కింద నిలబడిపోయింది. భయంతో నా ప్రాణం పోయిందనుకోండి. కానీ ఇంటికి చేరాను. ఈ దేశంలో నాకు కాళ్ళొచ్చింది ఆ రోజే.

పాత క్యాన్సర్ తిరగబెట్టిందని తెలిసిన వారం నన్ను పిలిచి టీ ఇచ్చింది.

"జూలైలో కేరళ వెళ్దాం. మీరిద్దరూ, మేం ముగ్గురం. కొచ్చిలో దిగి మళ్ళీ కొచ్చిలోనే ఎక్కేద్దాం," అంది.

"మరి కాకినాడలో అత్తయ్య దగ్గరికి?"

"వెళ్ళం."

"కేరళే ఎందుకక్కా?"

"అక్కడ మనకి చుట్టాల్లేరు కాబట్టి."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డాక్టరుగారిని అడిగావా అన్నాను.

"జూలైకి ప్లాన్ చేసుకోవచ్చా అనడిగాను. ప్లాన్ చేసుకోడానికి నా పర్మిషన్ ఎందుకు అంది. చాల్దా?"

అప్పట్నుంచి కీమోకి వెళ్ళిన ప్రతిసారీ నేను తోడు వెళ్ళేదాన్ని. అక్కయ్యకి ఒక చేతికి సూది, ఇంకో చేతిలో ఫోన్. వర్కలలో సముద్రం కనిపించే గది, ఆలప్పుళలో హౌస్‌బోటు పడవ, ఒక్కొక్కటే బేరమాడి మరీ కుదిర్చింది. పడవవాడికి ఫోన్ చేసి మొదట అడిగింది వంట ఎవరు చేస్తారని. మనిషి ఉన్నాడని వాడు చెప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

పాప స్కూలుకి సెలవులిచ్చేది వేసవిలోనే కాబట్టి, ముందూ వెనకా చూడకుండా జూలైకి టికెట్లు తీసేశాం. అది కేరళలో నడివానాకాలమని తర్వాత తెలిసింది. ఏళ్ళ తరబడి ఇక్కడి క్యాలెండరు చూసి చూసి అక్కడి కాలాలే మరిచిపోయాం. తెలిసినవాళ్ళంతా నవ్వారు. "ఆకెన్‌లో కాపురం చేస్తూ వానకి భయపడితే ఎలా?" అని కొట్టిపారేసింది అక్కయ్య.

ఇండియా వెళ్ళేవాళ్ళున్నారని తెలిస్తే చాలు, మనవాళ్ళు పొట్లాలు కట్టుకుని తయారవుతారు. పాడర్‌బోర్న్ నుంచి పరిచయస్తురాలు ఒకావిడ ఫోన్ చేసి, రాజమండ్రిలో చెల్లెలికి చాక్లెట్లు పట్టుకెళ్ళమంది. "మేం ఇండియా వెళ్ళట్లేదండీ, కేరళ వెళ్తున్నాం," అని ఫోన్ పెట్టేసింది అక్కయ్య. అప్పటికి జుట్టంతా రాలిపోయి ఉంది, అయినా ఆ రోజు ఆ కీమో గదిలో అందరికంటే ఆరోగ్యంగా కనిపించింది.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. మార్చిలో బావగారు అస్థికలు తీసుకెళ్ళి గోదావరిలో కలిపి వచ్చారు. వస్తూ వస్తూ పెద్దల మాట కూడా మోసుకొచ్చారు. ఏటిసూతకం, ఏడాది తిరిగేదాకా గుడికే వెళ్ళకూడదు, అలాంటిది విహారయాత్రలేమిటని. టికెట్లు రద్దు చేసేద్దామని ఒక ఆదివారం పాపని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచారు. మావారు నేల చూపులు చూస్తున్నారు.

"మనం వెళ్ళేది గుడికి కాదు కదా బావగారూ," అన్నాను.

"నలుగురూ ఏమనుకుంటారమ్మా?"

"ఆ నలుగురి సంగతి అక్కయ్య చూసుకునేది. ఇకమీదట నేను చూసుకుంటాను."

సోఫాలో ఉన్న పాప తలెత్తకుండానే, ఎప్పటిలాగే జర్మన్‌లో చెప్పింది. వెళ్తున్నానని స్కూల్లో అందరికీ చెప్పేసిందట, మేం రాకపోతే మా ఇష్టమట. ఆ పెంకితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. బావగారు ల్యాప్‌టాప్ మూసేశారు.

కాకినాడలో మా అత్తయ్యకి చెప్పే పని నా మీద పడింది. అక్కయ్య ఈ ప్రయాణం సంగతి మొదట చెప్పినప్పుడు, ఇల్లు తొక్కకుండా పోతారా అని ఫోన్ పెట్టేసిన మనిషి ఆవిడ.

"జూలైలో కేరళ వెళ్తున్నాం అత్తయ్యా. అక్కయ్య తీసిన టికెట్లు, రద్దు చెయ్యం. మీకు కోపమొస్తే రానివ్వండి," అన్నాను ఒక్క గుక్కలో.

మళ్ళీ ఫోన్ పెట్టేస్తారనే అనుకున్నాను.

"అక్కడ వానలంట కదా. చీరలు ఆరతాయా?" అన్నారు.

"ఎవరి చీరలు అత్తయ్యా?"

"నాయే."

ఆవిడే అందుకున్నారు. "కాపరానికొచ్చాక నేను గడప దాటిందంతా పెళ్ళికో, పురుటికో, దేవుడికో. చేతులూపుకుంటా ఎక్కడికీ ఎళ్ళలేదే. ఆ రోజు కోపంలో ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నేనే చేసి, నేనూ వత్తానని చెబ్దామనుకున్నాను. ఈలోగా అది..." అని ఆగిపోయారు.

జూలైలో అత్తయ్య ఒక్కరే రైలెక్కి ఎర్నాకుళం వచ్చారు. ఆలప్పుళ చేరేసరికి కుండపోత. పడవ నీళ్ళ మీద మెల్లగా పోతోంది, వంటమనిషి వెనక తన పని చూసుకుంటున్నాడు, బావగారు అక్కయ్య పోయాక మొదటిసారి పగటిపూట కూర్చున్నచోటే నిద్రపోయారు. అప్పుడు అత్తయ్య ఫోన్ మోగింది. కాకినాడ నుంచి ఆవిడ ఆడపడుచు. వాన చప్పుడుకి వినపడక స్పీకర్ పెట్టారు.

"ఎక్కడున్నావొదినా? ఇంటికొత్తే తాళమేసుంది."

"కేరళలో."

"ఏటిసూతకంలో దర్శనాలేంటొదినా?"

"దర్శనానిక్కాదు. ఊరికే వచ్చాను."

"ఊరికేనా?"

"ఊరికే. నా పెద్దకోడలు తీసుకొచ్చింది," అని ఫోన్ ఆపేశారు అత్తయ్య. తర్వాత లేచి వెళ్ళి, పడవ అంచున మనవరాలి పక్కన కూలబడి, చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, రెండు కాళ్ళూ వానలోకి చాపారు.