అమ్మమ్మ ఆదివారాలు

పూలకొట్టు ముందు ఆగితే తడిగుడ్డ కింద దాచిన మరువం వాసన తగులుతుంది, ఇక నాకు కాళ్ళు కదలవు. డెబ్బై దగ్గరపడినా ఈ పిచ్చి వదల్లేదు.

నా ఆరో ఏట అమ్మ పోయింది. ముత్తుకూరు నుంచి వచ్చిన అమ్మమ్మ నన్ను తనే పెంచుకుంటానంది, అల్లూరులో మా నాయన, నాయనమ్మ కుదరదన్నారు, వ్యాజ్యం నెల్లూరు కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా నెలకొక ఆదివారం, మధ్యాహ్నం వరకు, మా బడి అయ్యవారింటి వసారాలో అమ్మమ్మ నన్ను చూడవచ్చునని ప్లీడర్లు ఒప్పందం చేశారు. నాయనమ్మ ఒక షరతు పెట్టింది. పిల్ల నోట్లో ఏమీ పెట్టకూడదు. మందు పెట్టి మనసు తిప్పేసుకుంటుందని ఆమె భయం. కన్నకూతురి బిడ్డకు మందు పెడుతుందట, ఎంత మాట!

నాట్ల కాలమైనా కోతల కాలమైనా అమ్మమ్మ రెండు బస్సులు మారి, తలమీద చెంగు కప్పుకుని వచ్చేది. సంచిలో కొబ్బరినూనె సీసా, కొయ్యదువ్వెన, మరువమూ కనకాంబరాలూ కలిపి కట్టిన మాల, అంతే. నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, చిక్కుతీసి, నూనె అంటి, జడ వేసేది, పొద్దు ఇంకా ఉందంటే వేసినదాన్నే విప్పి మళ్ళీ వేసేది. ఆమె చేతులకు పులుసులో వేసిన మామిడికాయ వాసన ఉండేది.

"ఏం జేసినావు అమ్మమ్మా?"

"బొమ్మిడాయిల పులుసు. నిన్ననే కాచి ఊరనిచ్చినా. తింటే గదా తప్పు, వింటే ఏముందే."

అలా పులుసూ, పులిబొంగరాలూ, నిప్పట్లూ ఎట్లా వండిందో ఒక్కొక్కటే చెబుతూ నా కడుపు నింపేది, నేను నిజంగానే గుటకలు మింగేదాన్ని. ఇంటికి పోగానే నాయనమ్మ నా నోరు వాసన చూసేది. జడ మాత్రం నేను విప్పనిచ్చేదాన్ని కాదు, చింపిరైపోయినా వారం రోజులు అట్లాగే తిరిగేదాన్ని.

ఒక నెల మావాళ్ళు నన్ను తిరుపతి కొండకు తీసుకుపోయి గుండు చేయించారు. ఆ ఆదివారం అమ్మమ్మ మెట్టెక్కి నన్ను చూసి, సంచి దించడం మరచిపోయింది.

"ఎవురి మొక్కే?"

"నాయనమ్మది. వ్యాజ్యం మనమే గెలవాలని మొక్కుకునింది," అన్నాను. ఆ 'మనమే' ఆమెను ఎంత కోసి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

అమ్మమ్మ అప్పుడు సంచి దించింది. ఎప్పటిలాగే కూర్చోబెట్టుకుని, అరచేతిలో నూనె పోసుకుని, మధ్యాహ్నం దాకా ఆ బోడిగుండుకు అంటుతూనే ఉంది. మాల నా మెడలో వేసింది. "దేవుడికే గదా ఇచ్చినావు. పెరగనీ, పెరిగినాక వేస్తా," అంది.

జుట్టు జడకు అందేలోపలే తీర్పు వచ్చింది. పిల్ల తండ్రిదన్నారు. అందులో అమ్మమ్మ ఆదివారాల ఊసు లేదు, మా నాయన కూడా ఎత్తలేదు. ఆమెను మళ్ళీ నేను చూడలేదు.

అయ్యవారిల్లు పడగొట్టి, ఆ చోట రొయ్యల మేత గోడౌను కట్టారు. నేను రెండు మూరల మరువం కొంటాను. పూలమ్మాయి నా కత్తిరించిన తెల్లజుట్టు చూసి, ఎక్కడ పెట్టుకుంటానో అని నవ్వుకుంటుంది. ఇంటికొచ్చి తలుపేసుకుని, మాల మెడలో వేసుకుంటాను. పెరిగినాక వేస్తానన్న ఆ జడ, పెరిగినాక ఎవరూ వేయలేదు.