పిడి నుంచి ఒరలోకి దిగిన చారలు

మా ఆయనకు చేతికందిన ప్రతిదాన్నీ బాగుచేసే రోగం. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మేమున్నన్నాళ్లూ ఆయన బాగుచేసిన కుళాయిలు కారుతూనే ఉండేవి, కుర్చీలు కుంటుతూనే ఉండేవి. కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, లోకంలో స్క్రూలున్నవీ లేనివీ అన్నీ తనకు తెలుసునని గట్టి నమ్మకం.

మా పక్కింటావిడది ఇండోనేషియా, అక్కడి బుగిస్ జాతి. పెళ్లికొడుకు నడుముకు కత్తి దోపుకోవడం వాళ్లింటి ఆచారం. తన తండ్రి స్వయంగా పిడీ ఒరా చెక్కిన చిన్న కత్తిని ఆవిడ తన కొడుకు పెళ్లికని దాచింది. ఒకసారి నా చేతికిచ్చి చూపించింది. లేత పసుపు చెక్క. పిడినీ ఒరనూ ఒకే దుంగలోంచి తీశాడట ఆ తండ్రి. కత్తిని ఒరలో పెట్టగానే పిడి మీది చారలు ఎక్కడా తెగకుండా ఒర మీదికి దిగేవి. అతుకెక్కడో తడిమితే గాని తెలిసేది కాదు.

"కత్తి ఎవరైనా కొడతారు. ఈ చారలు కలపడానికే మా నాన్న నెలల తరబడి కూర్చున్నాడు" అంది ఇంగ్లీషులో.

దసరాకి మా ఆయన ఆయుధపూజ పెట్టాడు. ల్యాప్‌టాప్, డ్రిల్లింగ్ మెషిన్, ఫ్లిప్ ఫోన్, అన్నిటికీ బొట్లు. వీటిలో ఆయుధమేదని ఎవరో నవ్వారని, ఆవిడ్ని బతిమాలి ఆ కత్తి తెచ్చాడు. హీటర్ వేడికి పిడి కాస్త వదులైంది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి పిడి కొంచెం పక్కకు తిరిగి, జిగురుతో బిగిసిపోయి ఉంది. ఒర మీది చార ఒకచోట, పిడి మీది చార ఇంకోచోట. గరుకు కాగితంతో అరగదీసి, పైన వార్నిష్ కూడా కొట్టాడు.

"ఏవండీ, ముందు ఆవిడ్ని అడగొద్దా?"

"అడిగేదేముంది? లూజుగా ఉంటే ఫిక్స్ చేశా. అయినా వుడ్‌దేముందే, కత్తికి అది కవరు! చూడు, ఎలా షైన్ అవుతోందో."

కవరట! గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన. ఆ సాయంత్రం పూజకొచ్చిన వాళ్లూ తక్కువ తినలేదు, "కొత్తదానిలా ఉందండీ" అని ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరిగివ్వడానికి నేనూ వెళ్లాను. ఆవిడ పిడి మీద బొటనవేలు పెట్టి, చార వెంబడి కిందికి జార్చింది. అతుకు దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ పైనుంచి జార్చింది. మళ్లీ అక్కడే ఆగింది. ఊడదీయించగలమేమో అన్నాను.

"లాగితే చెక్క చీలుతుంది" అంది మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన మాత్రం ఆవిడ థాంక్స్ చెబుతుందని కాసేపు చూసి, చివరికి తనే "యు ఆర్ వెల్కమ్" అన్నాడు.

మరుసటి వేసవిలో ఆవిడ కొడుకు పెళ్లి ట్రాయ్‌లోనే జరిగింది. పెళ్లికొడుకు నడుముకు కత్తి ఉంది. పిడీ ఒరా కలిసేచోట తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. ఆవిడ తన కొడుకు ముఖమే చూస్తోంది గాని, నడుము వైపు చూపు దించలేదు.

మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"చూశావటే? అంత మంచి ఫినిషింగ్ ఇస్తే గుడ్డ చుట్టి పాడుచేశారు. టేస్ట్ లేదు వీళ్లకి."