అక్క తాగిన నీళ్ళు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే మధ్యలో లేచి కాఫీ కలుపుకొచ్చే రకం నేను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, అందులోనూ గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయన్న విషయం. కారణం దొరకని సంగతి నాకు నచ్చదు. ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది అందుకే.

ఎనభైల మొదట్లో నేను ఎం.ఎస్. చదువుతూ న్యూజెర్సీలో, పిస్కాటవేలో మా సుశీలక్క, బావల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. అక్కకి అప్పటికే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు గనక తాగే నీళ్ళకి కొలత ఉండేది. బావ పొద్దున్నే కొలిచి ఒక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఆ రోజుకి అంతే. కాఫీ తాగితే ఆ మేరకు నీళ్ళు తగ్గాలి. అన్నిటికంటే అక్కకి కష్టమైంది మజ్జిగ లేకుండా భోజనం ముగించడం. తను చూస్తుండగా తినలేక మేమూ మజ్జిగ మానేశాం.

అక్క ఊళ్ళో లైబ్రరీలో పనిచేసేది. ఒకసారి కెన్యా ఉత్తరాన ఉన్న సంబూరు అనే వన్యమృగాల రిజర్వు గురించి బొమ్మల పుస్తకం తెచ్చింది. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, చాలాకాలం ఇసుక తప్ప ఏమీ కనిపించని వాగులు. అక్కడ గెరెనుక్ అనే పొడుగుమెడ జింక ఉంటుంది. వెనకకాళ్ళ మీద నిలబడి ఆకులు తింటుంది. నీళ్ళు తాగకుండానే బతికేస్తుందట.

"ఇది నా చుట్టంరా. ఒకసారి వెళ్ళి పలకరించి రావాలి," అంది అక్క.

"మీవైపు చుట్టాలింతే," అన్నాడు బావ. "అంతదూరం వెళ్తే మంచినీళ్ళు కూడా ఇవ్వరు."

నా కిడ్నీ అక్కకి సరిపోతుందని పరీక్షల్లో తేలింది. వేసవిలో ఆపరేషన్, అక్క కోలుకున్నాక ముగ్గురం సఫారీకి వెళ్ళాలి అనుకున్నాం. ప్లాన్ చేసే పని నాది. న్యూయార్క్ నుంచి లండన్, అక్కణ్ణుంచి నైరోబీ, తర్వాత వ్యాన్‌లో ఉత్తరానికి. వానలు లేని నెలలైతే జంతువులన్నీ నీళ్ళ దగ్గరికే వస్తాయి. కిడ్నీ మార్పిడి తర్వాత కొన్ని టీకాలు వేయకూడదు, వాటి సంగతి ముందే డాక్టర్‌ని అడగాలి. మందులకి నీడ, అక్కకి టోపీ. నేను టైప్ చేసిన కాగితాలు చూసి అక్క నవ్వేది.

"ఒరేయ్, సింహం ఎన్నింటికి కనపడాలో కూడా రాసేశావా?"

టోపీ మాత్రం వెంటనే కొనుక్కుంది. వంట చేస్తూ పెట్టుకునేది.

వసంతంలో జ్వరం వచ్చింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. హాస్పిటల్‌లో చేర్చాం. ఆపరేషన్ వాయిదా పడింది. నీళ్ళు ఇంకా తగ్గించారు. పెదాలు పగిలిపోయాయి. "ఏవండీ, ఒక్క గుక్క," అని అడిగితే బావ ఒక మంచుముక్క పెదాల మీద పెట్టి, వరండాలోకి వెళ్ళి నిలబడేవాడు.

ఒక మధ్యాహ్నం బావ భోజనానికి కింద కాఫెటీరియాకి వెళ్ళాడు. అక్క సఫారీ ప్లాన్ చదవమంది. నైరోబీ నుంచి మొదలుపెట్టాను. ఎండిన వాగులో ఏనుగులు ఇసుక తవ్వి నీళ్ళు తీస్తాయని, అవి తాగాక మిగతా జంతువులు తాగుతాయని చదివేసరికి అక్కకి నిద్రపట్టింది. నేను పక్క కుర్చీలోనే మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. కునుకు తీయలేదు. గదిలోకి ఎవరూ రాలేదు.

కాసేపటికి కళ్ళు తెరిచింది. "తాగేశాన్రా," అంది. "కడుపునిండా."

కల అనుకుని ఎక్కడ తాగావని అడిగాను.

"వాగులో. ఏనుగు పక్కకి జరిగి చోటిచ్చింది. మోచేతిదాకా చెయ్యి పెడితేగాని అందలేదు. కాస్త ఉప్పగా ఉన్నాయిలే. అయినా బావున్నాయి."

అప్పుడు చూశాను. తను వేసుకున్న పొడుగుచేతుల హాస్పిటల్ గౌను కుడిచెయ్యి మోచేతిదాకా తడిసి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. పడుకున్న పక్క పొడిగా ఉంది. బల్లమీద కప్పులో మంచు కరిగి, నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

నర్సు వచ్చి నేనే తాగించాననుకుంది. మందు ఎక్కించే గొట్టం కారుతోందేమో చూసింది, కారలేదు. బరువు తూచింది. పొద్దున ఎంతో అంతే. ఈలోగా బావ వచ్చాడు.

"నీళ్ళిచ్చావా?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

"లేదు బావా."

"వాణ్ణేమీ అనకండి," అంది అక్క. "ఇంక మిమ్మల్ని అడగనులెండి."

అడగలేదు. మంచుముక్క ఇవ్వబోయినా వద్దంది. పగిలిన పెదాలు మర్నాటికి మెత్తబడ్డాయి. కొద్దిరోజులకే అక్క పోయింది.

జ్వరం దిగేటప్పుడు చెమట పడుతుందన్నాడు డాక్టరు. ఒక్క చేతికే ఎందుకు పట్టిందో చెప్పలేదు. జబ్బు ముదిరితే దాహం తెలియకపోవచ్చన్నాడు. కానీ అక్క చివరిదాకా తెలివిలోనే ఉంది, బావ గడ్డం గీసుకోలేదని ఎగతాళి చేస్తూనే ఉంది. ఏనుగుల సంగతి చదివి వినిపించింది నేనే కాబట్టి ఆ కల వరకు నాకు అర్థమవుతుంది.

రారిటన్ నది ఒడ్డున, మంత్రాలు తెలిసిన ఒక పెద్దాయన బావ చేత నువ్వులూ నీళ్ళూ వదిలించారు. పోయినవాళ్ళకి దాహం ఎక్కువ, అందుకే నీళ్ళు వదలడం అన్నారు. ఆయన చాలన్నాక కూడా బావ దోసిళ్ళతో తీసి పోస్తూనే ఉన్నాడు. చొక్కా చేతులు తడిసిపోయాయి.

కార్‌లో కూర్చున్నాక అన్నాడు: "దానికి దాహం లేదురా. నాకు తెలుసు. కానీ ఇన్నాళ్ళూ కొలిచి పోసిన చేతులు కదా."

సఫారీకి మేం వెళ్ళలేదు. టోపీ వంటింట్లోనే తగిలించి ఉంది. ఎప్పుడైనా భోజనాలయ్యాక బావ అడుగుతాడు, నువ్వక్కడే ఉన్నావుగా, ఏం చూశావని. చూసింది చెబుతాను. కప్పులో కదలని నీళ్ళు, పొడిగా ఉన్న పక్క, తడిసిన చెయ్యి. ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన అడగడు.